పెద్ద కష్తీకి ఏ బండి? ముందు కాటాకు పదండి

మన కొండపల్లిలో, ఇబ్రహీంపట్నంలో, బెజవాడ మొహల్లాల్లో ఒక ఖయాల్ జోరుగా తిరుగుతోంది. చందాలు వేసుకుని ఒక పెద్ద పడవ కొనాలి, దాన్ని లాగడానికి ఒక పికప్ కొనాలి. మళ్ళీ బుడమేరు పొంగితే ఎవరి కోసమూ ఇంతెజార్ చేయకుండా మనమే బయల్దేరాలి. నియ్యత్ సాఫ్‌గానే ఉంది, కాదనను. కానీ మష్వరా ఎక్కడ ఆగిపోయిందో చూడండి: హైలక్సా, వీ-క్రాసా? నలుపా, తెలుపా? పక్కన ఏ పేరు రాయించాలి? పడవ వజన్ ఎంత భాయ్ అని అడిగితే మాత్రం ఒక్క నవజవాన్ నోరు విప్పడు.

అందుకే గుస్సాతో రాస్తున్నాను. ఇది ఎవరి జేబులోని షౌఖ్ డబ్బూ కాదు. టిఫిన్ బండి నడిపే ఖాలా ఇచ్చిన రెండొందలు కూడా ఇందులో ఉంటాయి. దాన్ని షోరూమ్ అద్దాల వెనక మెరిసే బంపర్ చూసి ఖర్చు పెడతామంటే ఊరుకోవాలా?

2024 సెప్టెంబరు 1 ఎవరికీ యాద్ చేయనక్కర్లేదు. మైలవరం వైపు కొండల నీళ్ళన్నీ బుడమేరులోకి దిగాయి. వెలగలేరు దాటాక డైవర్షన్ కాలువ కట్టకు మన శాంతినగర్, కవులూరు వైపు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక అన్నీ మునిగాయి. మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7 వచ్చింది, అదీ ఫౌజు వాళ్ళు వచ్చి చెయ్యి వేస్తేనే. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 నాటి రికార్డు కూడా దాటిపోయింది. ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కడంతో హైదరాబాద్ రోడ్డు బంద్. బయటి నుంచి కష్తీ వస్తుందన్న ఉమ్మీద్ మీద ఎందరు బుజుర్గులు మేడల మీద రాత్రులు గడిపారో మీకు తెలుసు. కాబట్టి పడవ ఇక్కడే, మన దగ్గరే ఉండాలన్న మాట నూటికి నూరు పాళ్ళు సహీ.

కానీ అదే సైలాబ్ ఇంకో సబక్ కూడా నేర్పింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇసుక పడవలు బ్యారేజీ గేట్లను గుద్ది కౌంటర్ వెయిట్లు విరగ్గొట్టాయి. వాటిని తియ్యడానికి భారీ క్రేన్లు తెస్తే మొదట అంగుళం కదల్లేదు. టీవీల ముందు అందరం చూశాం. నీళ్ళ మీద పూవులా తేలే వస్తువు గట్టుకు చేరితే, ఇనుమూ చెక్కా నీళ్ళూ కలిసి ఎంత మొండిగా కూర్చుంటుందో అప్పుడైనా అర్థం కాలేదా? పడవ తేలిక అనే భ్రమ తేలినంత సేపే.

ఇప్పుడు హిసాబ్ వేద్దాం. ఇరవై అడుగుల ఫైబర్ పడవ ఒకటి అనుకోండి. తొట్టి 900 కిలోలు. నలభై హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు 90. అరవై లీటర్ల పెట్రోలు 45. లంగరు, తాళ్ళు, తెడ్లు, లైఫ్ జాకెట్లు కలిపి 100. కింద ఉండే ట్రైలర్ 500. మొత్తం 1,635 కిలోలు. రాత్రంతా వానలో నిలబెడితే లోపల మూడొందల లీటర్లు చేరిందనుకోండి, అవీ మూడొందల కిలోలే. రెండు టన్నులకు దగ్గర పడ్డాం, ఇంకా మనుషులు ఎక్కలేదు. ఇవి నేను మిసాల్‌కు వేసిన అంకెలు, మీ పడవవి వేరే ఉంటాయి. అందుకే షోరూమ్‌కు కాదు, ముందు కాటాకు పొమ్మంటున్నాను. ఇబ్రహీంపట్నంలో బూడిద లారీలు తూచే ఊళ్ళో ఉండి మనకు వేబ్రిడ్జి దొరకదా?

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు. "భాయ్, హైలక్స్ మూడున్నర టన్నులు లాగుతుంది, యూట్యూబ్‌లో చూశాం." చూశారు, కానీ సగమే చూశారు. ఆస్ట్రేలియాలో హైలక్స్‌కైనా, మన వీ-క్రాస్‌కు అన్నలాంటి ఇసుజు డీ-మ్యాక్స్‌కైనా ఫోర్ బై ఫోర్ డబుల్ క్యాబ్‌లో రాసేది 3,500 కిలోలే. అయితే ఆ అంకె ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉంటేనే. బ్రేకులు లేని ట్రైలర్ అయితే అదే బండికి, అదే ఇంజనుకు 750 కిలోలు. మూడున్నర వేలెక్కడ, ఏడొందల యాభై ఎక్కడ? మన హిసాబ్‌లో పడవ తొట్టి ఒక్కటే ఆ గీత దాటిపోయింది. పైగా అక్కడి కాగితం అక్కడిది. ఇక్కడ అమ్మే మోడల్‌కు ఎంత లాగుడు ఒప్పుకుంటారో కంపెనీ చేత రాతపూర్వకంగా తీసుకోవాలి. సేల్స్‌మ్యాన్ నోటిమాట క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ వాళ్ళ ముందు పనికి రాదు.

డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఎఫ్-150తో పడవ లాగుతున్న వీడియో పంపాడని ఇంకొకరి దలీల్. పంపనివ్వండి. అక్కడ డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఆ బండి మోయగల బరువు అచ్చేసి ఉంటుంది, ఏ ఇంజనుకు ఏ యాక్సిల్‌తో ఎంత లాగవచ్చో పుస్తకంలో పట్టిక ఉంటుంది. మేనల్లుడు ఆ పట్టిక ఫొటో పంపాడా? లేదు, పాట పెట్టి బండి ఫొటో పంపాడు.

ఇంజను బలం గురించి ఇంత బహస్ ఎందుకో నాకు అంతుపట్టదు. కొండపల్లి నుంచి సింగ్‌నగర్‌కు దారి అంతా చదును, ఘాట్ రోడ్డు లేదు. 1.9 లీటర్ల వీ-క్రాస్‌కైనా, 2.8 లీటర్ల హైలక్స్‌కైనా రెండు టన్నులు ముందుకు లాగడం పెద్ద పనేం కాదు. అస్లీ సవాల్ ఆపడం. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ఆయిల్ ట్యాంకర్ ఒక్కసారిగా అడ్డమొస్తే, తడి రోడ్డు మీద వెనక రెండు టన్నులు ఆగనంటూ తోస్తుంటే, ముందున్న బండి బ్రేకులు ఎవరి కోసం పని చెయ్యాలి? "ట్రాక్టర్ ట్రాలీలకు బ్రేకులున్నాయా?" అని ఎదురు ప్రశ్న వేసినవాళ్ళూ ఉన్నారు. ట్రాక్టర్ ఇరవై, పాతిక వేగంతో పోతుంది మియా. పికప్ చేతికొస్తే మీరు అరవైకి తక్కువ తోలతారా? వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది.

ఇక డబుల్ క్యాబ్ షాన్. అయిదుగురు కూర్చోవచ్చు, ఇజ్జత్‌గా ఉంటుంది. ఒప్పుకున్నా. ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు పదో వంతు నుంచి ఏడో వంతు దాకా హుక్కు మీద కిందికి నొక్కాలి. అంతకంటే తక్కువైతే, అంటే మోటారు వెనక, పెట్రోలు వెనక, సామానంతా వెనక సర్దితే, హైవే మీద ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే స్టీరింగ్ తిప్పి ఆపలేరు. మన 1,635 కిలోలకు హుక్కు మీద పడేది 160 నుంచి 240 కిలోలు. అది బండి మోసే లోడులో హిసాబ్ అవుతుంది. దానికి అయిదుగురు మనుషుల్ని కలపండి, తొట్లో జనరేటర్ కలపండి. అందమైన డబుల్ క్యాబ్ వెనక భాగం నేలకు వంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ ఎటు తిప్పితే అటు పోనంటుంది. బొలేరో పికప్ లాంటి బండ్లకు ఈ తక్లీఫ్ తక్కువ, 1.7 టన్నుల లోడు మోడలు ఉంది, 2 టన్నులదీ ఉంది. కానీ గలత్‌గా అర్థం చేసుకోకండి, మోసే లోడు వేరు, లాగే బరువు వేరు. రెండు టన్నులు మోసే బండి రెండు టన్నులు లాగుతుందని ఎక్కడా రాసి లేదు.

ఫోర్ బై ఫోర్ అవసరమా? అవసరమే, కానీ మీరనుకున్నందుకు కాదు. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని కంపెనీ అంటుంది. సింగ్‌నగర్‌లో ఆ రోజు నీళ్ళు మనిషి లోతు దాటాయి. ఏ పికప్ అయినా ఫ్లైఓవర్ దగ్గరే ఆగాలి, అక్కడి నుంచి కష్తీ పని. బండి నీళ్ళలో ఈదాలన్న సినిమా దిమాగ్‌లోంచి తీసెయ్యండి. ఫోర్ బై ఫోర్ కావాల్సింది బురద వాలు మీద వెనక్కి దింపి, పడవ వదిలి, ఖాళీ ట్రైలర్‌తో పైకి ఎక్కడానికి. మళ్ళీ నిండు పడవతో ఎక్కడానికి ఇంకా ఎక్కువ. తక్కువ గేర్ల గుంపు, అంటే లో రేంజ్, ఉన్నదే తీసుకోండి. టాటా యోధలోనూ, బొలేరో క్యాంపర్‌లోనూ ఫోర్ బై ఫోర్ రకాలు వచ్చాయి. వాటిని చూడకుండానే "అది కూరగాయల బండి" అని తోసెయ్యడం దిఖావా కాక మరేమిటి?

హుక్కు గురించి రెండు ముక్కలు. ఆటోనగర్‌లో మన కారీగర్లు లారీ బాడీలు కట్టే ఉస్తాదులు, వాళ్ళ హాథ్ మీద నాకు శక్ లేదు. కానీ బంపరుకు వెల్డింగ్ పెట్టించిన బాల్ హుక్కు ఎంత మజ్బూత్‌గా కనిపించినా రేకును పట్టుకుని ఉంటుంది. ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి. ట్రైలర్ బేరింగులు కూడా చూసుకోండి. ఇరవై కిలోమీటర్లు తిరిగి వేడెక్కిన హబ్‌ను వెంటనే నీళ్ళలో ముంచితే లోపలికి నీళ్ళు పీల్చుకుంటుంది, గ్రీజు పోతుంది. ట్రైలర్ కూడా 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఈ ఖర్చు మీ చందా లెక్కలో ఎక్కడా నాకు కనబడలేదు.

నా రాయ్ అడిగితే, ఆ పెద్ద పడవే గలత్ ఎంపిక. రాజరాజేశ్వరిపేట గల్లీలు చూడండి. కరెంటు స్తంభాలు, మునిగిన ఆటోలు, మెట్లు, అరుగులు. ఇరవై అడుగుల పడవ అక్కడ తిరగదు. పద్నాలుగు అడుగుల చిన్న పడవలు రెండు తీసుకుంటే, మొహల్లాలో ఉన్న ఏ బొలేరో తొట్లోనైనా వేసి, వెనక పొడుచుకొచ్చినదానికి ఎర్రగుడ్డ కట్టి తీసుకుపోవచ్చు. హుక్కూ వద్దు, ట్రైలరూ వద్దు. అర్ధరాత్రి రెండింటికి డ్రైవర్‌ను లేపినా, రోజూ నడిపే బండే కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది. కమిటీ గేరేజీలో కవరు కప్పిన పికప్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఆ రాత్రి ఏ వలీమాకు గుంటూరు పోయి ఉంటాడో ఎవరికి తెలుసు?

అయినా పెద్దదే కావాలంటారా? 2017 నవంబరు 12న ఇదే పవిత్ర సంగమం దగ్గర పర్మిషన్ లేని పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ నీళ్ళు మన ఊరి నుంచి నడిచేంత దూరం. పెద్ద పడవ అంటే పెద్ద జిమ్మేదారీ. నడిపే మల్లాహ్ ఎవరు, ఎంతమందిని ఎక్కించాలి, జాకెట్లు ఎన్ని, అన్నీ కాగితం మీద పెట్టండి. ట్రైలర్‌కు బ్రేకులు పెట్టించండి. మూడు టన్నులు దాటితే పికప్ మాటే వదిలేసి లారీ, క్రేను మాట్లాడుకోండి. ఆ సెప్టెంబరులో సముద్రం ఒడ్డు నుంచి మత్స్యకారుల పడవలు లారీల మీదే వచ్చాయి.

వచ్చే జుమా తర్వాత మళ్ళీ కూర్చుంటారట. ఈసారి బ్రోచర్లు వద్దు. నిండు పెట్రోలు, మోటారు, సామానుతో ట్రైలర్‌ను కాటా ఎక్కించి ఆ చీటీ పట్టుకు రండి. హుక్కు మీద ఎంత పడుతోందో వేరే తూకం వేసి అదీ రాయండి. ఆ రెండు అంకెలు బల్ల మీద పెట్టాక ఏ షోరూమ్‌కు రమ్మన్నా నేనూ వస్తాను.