కవాటం మార్చాక మొదలయ్యే చికిత్స

యానాం పాలన పుదుచ్చేరిది. ఆ నగరం 800 కిలోమీటర్లకు పైగా దూరం, కాకినాడ మాత్రం 30 కిలోమీటర్లే. గుండె కవాటం పాడైన రోగిని ఈ దూరం ఆపరేషన్ నాటికన్నా ఆ తర్వాతే ఎక్కువ వేధిస్తుంది. చిన్నప్పటి గొంతునొప్పి వెంట వచ్చే రుమాటిక్ జ్వరం మైట్రల్ కవాటాన్ని మందంగా, ఇరుకుగా మార్చేస్తుంది. బెలూన్‌తో వెడల్పు చేయడమో, మరమ్మతో కుదరకపోతే మార్చక తప్పదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ రూపొందించగా 1990లో తొలిసారి అమర్చిన చిత్ర కవాటం ఈ చికిత్స ఖర్చును బాగా తగ్గించింది. కానీ ఇలాంటి యాంత్రిక కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందును జీవితాంతం వాడాలి. మోతాదు చాలకపోతే కవాటం మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే రక్తస్రావం. ఒక వారం తోటకూర, మునగాకు ఎక్కువ తిన్నా లెక్క తప్పవచ్చు. గర్భిణులకైతే ఆ మందే బిడ్డకు ముప్పు తేగలదు.

అందుకే యానాంకు ముందు కావలసింది గుండె ఆపరేషన్ థియేటర్ కాదు. రోగులు తక్కువగా ఉన్నచోట సర్జన్ల చేయి తిరగదు. కావలసింది రక్తం గడ్డకట్టే వేగాన్ని కొలిచే ఐఎన్ఆర్ పరీక్ష, అదే రోజు మోతాదు చెప్పే డాక్టరు, రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. కాకినాడ పక్కనే ఉందిగా అనవచ్చు. నెలనెలా కూలి మానుకుని వెళ్లమంటే పరీక్షే మానేస్తారు. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా అన్నా, అవి యాంత్రిక కవాటాలకు పనికిరావు. వాటిలో ఒకటైన డబిగట్రాన్‌పై ఈ రోగుల్లో జరిపిన ప్రయోగాన్ని గడ్డలు, రక్తస్రావం పెరిగాయని మధ్యలోనే ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో యానాంలో పుదుచ్చేరిలోని కేంద్ర వైద్య సంస్థ జిప్మర్‌కు చెందిన 90 పడకల కేంద్రం ప్రారంభమైంది. అక్కడ వారానికి ఒక రోజు కవాట రోగుల కోసమే కేటాయించాలని పుదుచ్చేరి ప్రభుత్వం, జిప్మర్ వెంటనే నిర్ణయించాలి.