గృహపాఠము: గాలివాన నిలిచినట్లు తోచినప్పుడు

అమెరికా దేశపు ఫ్లోరిడా రాష్ట్రములో ఓకీచోబీ యను పెద్ద సరస్సు కలదు. దాని దక్షిణపు టొడ్డున నల్లమట్టి పొలములలో పనిచేయ వచ్చిన కూలి కుటుంబములు మట్టికట్ట దిగువనే గుడిసెలలో కాపురముండెడివి. 1928వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీని తుపాను వచ్చుచున్నదని వారికి వర్తమానము అందగా, కొందరు మెరకకు పోయిరి. చెప్పిన వేళకు గాలి రాలేదు. వట్టిమాట యని తలంచి పలువురు ఇండ్లకు మరలిరి. ఆ రాత్రియే ఉత్తరపుగాలి సరస్సు నీటిని కట్టమీదికి త్రోయగా కట్ట తెగెను. కనీసము 2,500 మంది చనిపోయిరి. వారిలో నల్లజాతి కూలివారే అధికులు. వెస్ట్ పామ్ బీచి పట్టణములో అట్టివారిని 674 మందిని ఒక్క గోతిలో పూడ్చి, గుర్తురాయియైనను నిలుపలేదు. శవపెట్టెలు తెల్లవారికే చాలినవట!

వర్తమానము ఆలస్యమైనంత మాత్రమున అబద్ధము కాదు. అధికారులు పొమ్మని చెప్పువరకు మెరకను విడువరాదు.

అంతకు రెండేండ్లు ముందు, 1926 సెప్టెంబరు 18న, మయామీ పట్టణమువారు వేరొక విధముగా మోసపోయిరి. తుపాను కన్ను పైకి రాగా గాలి నిలిచెను. ఆపద గడచినదని జనులు వీధులలోనికి వచ్చిరి. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కునుండి విసరి అనేకులను చంపెను.

ముందుగా చేయవలసినది కొంచెమే. మనిషికి దినమునకు 4 లీటర్ల చొప్పున మూడు దినములకైనను మంచినీరు, వండనక్కరలేని తిండి, మందులు సిద్ధపరచి, కాగితములను నీరు చొరని సంచిలో కట్టవలెను. ముసలమ్మను ఎవరు మోయవలెనో, పసిబిడ్డను ఎవరెత్తవలెనో పగటివేళనే పేరుపేరున చెప్పియుంచవలెను. చీకటిలో వాదించుకొన తీరిక యుండదు.

గాలి పోయిన పిమ్మట వరదనీటిలో నడువరాదు. తెగిన కరెంటుతీగ అందులో నుండవచ్చును. త్రాగునీటిని తెర్లుచుండగా ఒక నిమిషమైనను కాచవలెను. 2020లో లూసియానాలో లారా తుపాను తరువాత జనరేటరు పొగవలన పలువురు మరణించిరి. ఆ యంత్రమును ఇంటికి 20 అడుగులకు తక్కువ కాని దూరమున, కిటికీలకు ఎడముగా నుంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటియు నట్టిదే. ప్రాణము తీయు ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నీటితో కొట్టుకొనివచ్చిన పాములు పెట్టెల సందులలో దాగును గనుక, కర్రతో తట్టి చూచిన పిదపనే చేయి పెట్టవలెను.