సిద్ధంగా ఉన్న భూమి ఎవరిది?

దేవనహళ్ళి రైతులు 1,198 రోజులు దీక్షా శిబిరంలో కూర్చుని 1,777 ఎకరాలు నిలబెట్టుకున్నారు. బెంగళూరు గ్రామీణ జిల్లా చెన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాల భూసేకరణను విరమిస్తున్నట్టు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య 2025 జూలై 15న ప్రకటించారు. ఆ ప్రకటన తడి ఆరకముందే ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేష్ ఏరోస్పేస్ కంపెనీలను తమ రాష్ట్రానికి రమ్మని పిలిచారు. బెంగళూరు పక్కనే ఎనిమిది వేల ఎకరాల పైచిలుకు భూమి సిద్ధంగా ఉందన్నారు. బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి ప్రాంతాల తెలుగువారిలో ఈ పిలుపు విని మురిసిపోయేవారు ఉండొచ్చు. తప్పులేదు, ఉద్యోగం ఎక్కడొచ్చినా ఉద్యోగమే. కానీ ఆ 'సిద్ధంగా' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి.

అసలు దేవనహళ్ళిలో జరిగిందేమిటి? విమానాల పరిశ్రమ కోసమంటూ 2021లో నోటీసులిచ్చారు. 2022 ఏప్రిల్‌లో శిబిరం మొదలైంది. ప్రతిపక్ష నేతగా ఉన్నప్పుడు సిద్ధరామయ్య ఆ శిబిరానికి వెళ్ళి అండగా ఉంటామన్నారు. 2023లో ఆయన గద్దెనెక్కాక కూడా ఫైలు మాత్రం ముందుకే నడిచింది. 2025 జూన్‌లో 'దేవనహళ్ళి చలో' నాడు రైతులను పోలీసులు వ్యాన్లెక్కించారు. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన నటుడు ప్రకాశ్ రాజ్ వంటివారు గొంతు కలిపాకగానీ సర్కారు చెవిన పడలేదు.

ఆ గ్రామాల వాళ్ళు పరిశ్రమ వద్దన్నవాళ్ళు కారు. పక్కనే సుమారు 4,000 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చి 2008లో విమానాలు ఎగరడం కళ్ళారా చూసినవాళ్ళే. ఉన్న కాస్త భూమీ మిగలదనే వాళ్ళ భయం. రాగి, కూరగాయలు, ద్రాక్ష, మల్బరీ, పాడి... బెంగళూరు వంటింటికి తెల్లారేసరికి చేరే సరుకు చాలావరకు ఈ చుట్టుపక్కలదే. దేవనహళ్ళి పంపరపనసకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. గుర్తింపిచ్చేదీ సర్కారే, ఆ చెట్టున్న నేల అడిగేదీ సర్కారే!

ఇక చట్టం సంగతి. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకుంటే 80 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలి. ఊరి మీద పడే ప్రభావాన్ని ముందే అధ్యయనం చేయాలి. కర్ణాటక మాత్రం 1966 నాటి తన పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి చట్టంతో నోటీసులిచ్చింది. అందులో రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు, అధికారి విని పక్కన పెట్టొచ్చు. ఒప్పుకోలుతో పనిలేదు. పోరాటం మూడేళ్ళు సాగడానికి సగం కారణం ఇదే.

అమ్ముకుంటామన్న రైతులూ అక్కడ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. ఇష్టపడి ఇచ్చేవారి నుంచి మంచి ధరకు తీసుకుంటామని అదే రోజు ముఖ్యమంత్రి చెప్పారు. అది న్యాయమే. అయితే ఎకరాకు కోటి వచ్చినా కౌలుదారుకు, కూలికి, రెండు ఆవులతో సంసారం నెట్టుకొచ్చే ఇల్లాలికి దక్కేది సున్నా. ఆమె పేరు ఏ పహాణీలోనూ ఉండదు.

ఇప్పుడు సరిహద్దు అవతలికి రండి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 'లేపాక్షి నాలెడ్జ్ హబ్' పేరిట 2000ల దశకంలో 8,844 ఎకరాలు ఒక్క కంపెనీకి కట్టబెట్టారు. హబ్ రాలేదు, కేసులొచ్చాయి. భూమి ఏళ్ళ తరబడి బీడుపడింది. కొడికొండ చెక్‌పోస్టు దాటి బస్సులో పోయేవాళ్ళకు ఈ కథ కొత్త కాదు. అక్కడా ఎవరో వేరుశనగ వేసిన నేలే అది. ఇప్పుడు చూపించే ఎనిమిది వేల ఎకరాలు ఏ సర్వే నంబర్లలోవి, ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నవి, వాళ్ళకు ఏమిచ్చారు? ఇవి ఊరూరా బోర్డు పెట్టి చెప్పదగ్గ వివరాలే.

ఏరోస్పేస్ ఒక్కటే కాదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని ఒప్పందం చేసుకుంది. తర్లువాడలో భూమి పోయే రైతులు నిరసనకు దిగారు. డేటా సెంటర్ అంటే కంప్యూటర్ల గోదాము. కరెంటు విపరీతంగా తాగుతుంది, చల్లబరచడానికి నీళ్ళూ కావాలి. కట్టేటప్పుడు కూలీలు వేలల్లో, కట్టాక లోపల పనిచేసేవాళ్ళు కొద్దిమంది. బెంగళూరు దారిలో ఉన్న ఈ మెట్ట నేలకు రేపు అలాంటిదే రాదని ఎవరు చెప్పగలరు?

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఏడాది పొడవునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. బెంగళూరు వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి ఇక్కడి చెరువులకు పంపుతున్నారు. హిందూపురం వైపూ కరువు ఇలాంటిదే. భూమి పొరల్లో నీటికి చెక్‌పోస్టు ఉండదు. చిలమత్తూరులో ఫ్యాక్టరీ బోరు వేస్తే బాగేపల్లి రైతు బోరు మీద దెబ్బ పడదా? కాబట్టి కంపెనీకి నీళ్ళు ఎక్కడినుంచి, రోజుకు ఎన్ని లీటర్లు అన్న లెక్క, భూమి లెక్కకన్నా ముందే, రెండువైపుల గ్రామసభల్లోనూ తెలుగులో, కన్నడలో చదివి వినిపించాలి.