పరిశోధనా పత్రమూ ఒక రివాయతే

కంప్యూటరు విషయంలో మా జ్ఞానం ఫోనుతో మొదలై ఫోనుతోనే ముగుస్తుంది. అయినప్పటికీ గత రంజాన్‌కు ముందు ఒక సాయంత్రం, కర్నూలులో ఎం.టెక్. చదువుతున్న మా మిత్రుని కుమార్తె తన పరిశోధనా పత్రం ప్రతిని తీసుకొని మా ఇంటికి వచ్చింది. పత్తికొండ వైపు వారికి కొంత మెట్ట పొలం ఉన్నది. వేరుశనగ (మన వైపు బుడ్డలంటాము) ఆకు ఫోటోను చూచి తిక్క ఆకుమచ్చ తెగులును గుర్తుపట్టడం ఆ అమ్మాయి కంప్యూటరుకు నేర్పింది. "పత్రికకు పంపుతున్నాను హజ్రత్, దుఆ చేయండి" అన్నది.

దుఆ చేశాము. ఆ పిమ్మట అలవాటు కొద్దీ ప్రశ్నలు వేశాము. ఏళ్ల తరబడి హదీసు పాఠం చెప్పిన మాకు, ఏ మాట విన్నా అది ఎవరి నుంచి వచ్చిందని అడగనిదే మనసు ఊరుకోదు. ఈ ఫోటోలు ఎవరు తీశారు? ఏ వేళలో తీశారు? తీసినవెన్ని, లెక్కలోకి తీసుకున్నవెన్ని?

చివరి ప్రశ్నకు అమ్మాయి కాసేపు పలకలేదు. సాయంకాలపు వెలుతురులో తీసిన ఫోటోలను యంత్రం సరిగా పోల్చుకోలేకపోయిందట. వాటిని తొలగిస్తే ఫలితం తొంభై శాతం దాటింది. ఉంచితే ఎనభై దగ్గర ఆగింది. పత్రంలో పెద్ద అంకె ఒక్కటే ఉన్నది. తొలగించిన ఫోటోల ఊసే లేదు. "అందరూ ఇలాగే చేస్తారు హజ్రత్" అన్నది నెమ్మదిగా.

ముహద్దిసుల పరిభాషలో దీనికి దగ్గరి మాట ఒకటి ఉన్నది: తద్లీస్. అందులో ఒక రకం ఇది. రావీ పచ్చి అబద్ధమాడడు. తన సనద్‌లోని బలహీనమైన వ్యక్తిని మాత్రం మాటున పెడతాడు. వినేవారికి గొలుసు దృఢంగానే కనబడుతుంది. ఈ అలవాటు ఉన్న రావీ 'ఫలానా వారి నుంచి' అని పొడిగా చెబితే హదీసు విద్వాంసులు ఒప్పుకోలేదు. 'నేను స్వయంగా విన్నాను' అని విప్పి చెప్పమన్నారు.

"బేటీ, ఎండ వేళ పనిలో ఉండి, పొద్దు వాలాక ఆకు ఫోటో తీసేది మీ నాన్నే కదా? తెగులు లేదని నీ యంత్రం చెబితే, ఆయన మందు కొట్టకుండా ఊరుకుంటే?" అన్నాము. అమ్మాయి ప్రతిని మళ్లీ సంచిలో పెట్టుకున్నది.

ఆమెకున్న తొందర కూడా మాకు తెలుసు. చదువు ముగిసే గడువు దగ్గరపడింది. రుసుము కడితే వారంలో అచ్చు వేయిస్తామని ఎవరో ఫోను చేశారు. కర్నూలు, కడప కళాశాలల్లో చదివే మన పిల్లలకు ఇటువంటి ఫోన్లు కొత్త కావు. పత్రాన్ని ఆ రంగం తెలిసిన సమీక్షకులు చదివి ప్రశ్నించకుండానే అచ్చు వేసే పత్రిక, సాక్షిని విచారించని ఖాజీ వంటిది. 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం హైదరాబాదుకు చెందిన ఒమిక్స్ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. సమీక్ష విషయంలో రచయితలను మోసగించిందనీ, రుసుమును ముందుగా చెప్పలేదనీ తేల్చింది. మన నేల మీది సంస్థ కనుక ఈ మాట చెప్పుకోవడానికి బాధగానే ఉన్నది. యూజీసీ తన పాత ఆమోదిత జాబితా నుంచి 2018లో నాలుగు వేలకు పైగా పత్రికలను తొలగించింది. తరువాత తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025లో ఆపివేసింది. కాబట్టి 'యూజీసీ ఆమోదం ఉంది' అని ఎవరైనా ఫోనులో చెబితే నమ్మవలసిన పనిలేదు. బెంగళూరు నుంచి భారత విజ్ఞాన అకాడమీ వెలువరించే 'సాధన' వంటి ఇంజినీరింగు పత్రికలు ఉన్నాయి. ఆలస్యమవుతుంది, నిజమే.

మిగతా నియమాలు ఆ అమ్మాయే మాకు నేర్పింది. ఐ ట్రిపుల్ ఈ పత్రికల్లో సంగ్రహం ఒకే పేరాగా, 250 పదాలకు మించకుండా ఉండాలట. ఆధారాలకు చదరపు బ్రాకెట్లలో వరుస సంఖ్యలు వేయాలి. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపరాదు. పరిశోధక విద్యార్థుల గ్రంథచౌర్యంపై యూజీసీ 2018లో చేసిన నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే శిక్ష మొదలవుతుంది. బుద్ధితో పాలుపంచుకోని వారి పేరు రచయితల వరుసలో చేర్చరాదు. ఎండలో నిలబడి ఫోటోలు తీసిన తమ్ముడి పేరు సైతం కృతజ్ఞతల్లోనే రావాలి. వాడు కొంచెం అలిగాడని విన్నాము.

పదిహేను రోజుల తరువాత మళ్లీ వచ్చింది. ఈసారి పట్టికలో రెండు అంకెలున్నాయి: పగటివి వేరు, సాయంత్రానివి వేరు. కింద ఒక పేరాలో యంత్రం ఎక్కడ తడబడిందో, ఎందుకు తడబడి ఉండవచ్చో రాసింది. పత్రంలో మాకు పూర్తిగా అర్థమైన భాగం అదొక్కటే. శుక్రవారం అస్ర్ తరువాత పత్రికకు పంపించింది.

సమాధానం ఇంకా రాలేదు. ఈ ఖరీఫ్‌లో బుడ్డలు ఆకు వేశాక, రోజూ పొద్దు వాలే వేళకు తండ్రి ఫోను తీసుకొని చేలోకి వెళుతున్నదట.