వేసవి జాడీకి లెక్కేదీ?

ఏటా వేసవి రాగానే గృహిణులకు కొత్త చేతిపనులు నేర్పుతామంటూ ప్రకటనలు వెలువడడం పరిపాటి. లేసు అల్లిక, కుట్టుపని, ఊరగాయలు, పండ్ల రసాల నిల్వ - వీటన్నిటినీ తీరిక వేళల కాలక్షేపంగానే పేర్కొంటారు. ఈ 'కాలక్షేపం' అన్న మాట నిరపాయకరమైనది కాదు. కోట్లాది స్త్రీల శ్రమకు వెల లేకుండా చేస్తున్నది ఆ మాటే.

శ్రామిక సర్వేల వార్తలను ఢిల్లీ నుంచి అందుకుని తెలుగు చేసే వారికి ఒక వర్గం తరచు ఎదురవుతుంది. ఇంటి పనులతో పాటు ఇంటి అవసరాలకు కుట్టడం, నేయడం వంటి పనులు చేసేవారికి మన జాతీయ నమూనా సర్వేల్లో 93 అనే సంకేత సంఖ్య ఉంది. వారు శ్రామిక శక్తిలో భాగం కారు. పనుల పేర్లు రాసుకుని, వాటిని చేసే మనిషిని మాత్రం పని లేనివారి జాబితాలో చేర్చడం విడ్డూరం.

1993 నాటి అంతర్జాతీయ జాతీయ ఖాతాల విధానం ఇంటి కోసమే అయినా పండ్లను ఎండబెట్టి, సీసాల్లో నిల్వ చేయడాన్ని ఉత్పత్తిగానే పరిగణించింది. మన శ్రామిక సర్వేలు మాత్రం ఇంటి వాడకం కోసం చేసే ఇలాంటి తయారీని ఆర్థిక కార్యకలాపంగా ఎంచవు. కాయలు ఏరి, టెంకతో ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి, మూడోనాడు తిరగకలిపి, వాసెన కట్టిన ఆవకాయ జాడీ దేశాదాయానికి కనిపించదు. అదే ఆవకాయ కర్మాగారంలో తయారైతే పరిశ్రమ! చాపలపై పొర మీద పొర పోసి ఎండబెట్టే మామిడి తాండ్రకూ ఇదే గతి.

ఇది కేవలం గణాంకాల తగవు కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. కొక్కెపు సూదితో స్త్రీలు ఇళ్లలో అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయింది. అయినా వారిని శ్రామికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడడమే స్వల్ప కూలికి సాకు అయిందని మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించడం హర్షణీయమే. అయితే పేరుకు లభించిన రక్షణ కూలికి కూడా లభించినప్పుడే దానికి సార్థకత.

తీరిక అన్న వాదనలోనూ పస లేదు. 2019 నాటి కాల వినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా, పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలే. దాదాపు అయిదు గంటల చాకిరీ తర్వాత పట్టే సూదిని కాలక్షేపమనడం న్యాయమా?

కొత్త విద్యలు నేర్చుకోవద్దని ఎవరూ అనరు. అల్లికలోని ఆనందం ఆనందమే. కాని నేర్పేవారు కుట్టుతో పాటు నూలు ఖర్చునూ, పట్టిన గంటలనూ లెక్కించి ధర కట్టడం కూడా నేర్పాలి. ముక్కకింత అని ఇచ్చే కూలి కనీస వేతనానికి తగ్గకుండా ప్రభుత్వం చూడాలి. సర్వేలు రూపొందించే అధికారులు 93వ సంఖ్య వెనుకనున్న పనిని పనిగా నమోదు చేయడం తక్షణావసరం.