తప్పు వేలిదా, తెరదా?

2020 ఆగస్టు 11న అమెరికాలోని సిటీబ్యాంకు దాదాపు 90 కోట్ల డాలర్ల సొంత సొమ్మును పొరపాటున బయటికి పంపేసింది. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీకి అప్పిచ్చిన సంస్థలకు ఆ రోజు పంపాల్సింది 78 లక్షల డాలర్ల వడ్డీ మాత్రమే. అప్పు తాలూకు అసలు మొత్తం బయటికి పోకుండా బ్యాంకు అంతర్గత ఖాతాకు మళ్లాలంటే సాఫ్ట్‌వేర్ తెర మీద మూడు గడులు నింపాలి. ‘ప్రిన్సిపల్’ అని ఉన్న గడి ఒక్కటి నింపితే చాలని వివరాలు ఎక్కించిన ఉద్యోగి అనుకున్నారు. సరిచూసిన రెండో వ్యక్తీ అలాగే అనుకున్నారు. వాళ్లిద్దరూ మన దేశంలో కూర్చుని పనిచేసే కాంట్రాక్టు సంస్థ సిబ్బంది. తుది ఆమోదం ఇచ్చిన అమెరికా అధికారిదీ అదే నమ్మకం. సొమ్ము బ్యాంకు దాటి పోతుందన్న హెచ్చరిక తెర మీద వచ్చింది గానీ, ఎంత పోతుందో అందులో లేదు. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే కాబట్టి ఆ హెచ్చరికను అనుమానించే అవసరం వారికి కనిపించలేదు. దాదాపు 50 కోట్ల డాలర్లు తిరిగివ్వబోమని కొన్ని సంస్థలు భీష్మించాయి. 2021 ఫిబ్రవరిలో కోర్టు వాటి పక్షానే తీర్పు చెప్పింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేశాక గానీ బ్యాంకుకు దారి దొరకలేదు.

ముగ్గురు ఒకే తెరను చూసి ఒకేలా పొరబడ్డారు. మరో ముగ్గురిని కాపలా పెట్టి ఉంటే ఫలితం మారేదని నేను నమ్మను. అయినా ఇలాంటివి జరిగినప్పుడు మన కార్యాలయాల్లో మొదట వినిపించే మాట ‘మానవ తప్పిదం’. ఆ మాటతో విచారణ ముగుస్తుంది, ఉద్యోగికి మెమో వెళుతుంది, తెర మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ పరిశ్రమ తెరలను పరీక్షించడం లేదని ఎవరూ అనలేరు. బటన్ నొక్కితే పనిచేస్తోందా, తప్పుడు తేదీ వేస్తే ఎర్రగా చూపిస్తోందా, వేలమంది ఒకేసారి వస్తే సర్వర్ తట్టుకుంటుందా అని శ్రద్ధగానే చూస్తారు. ఆ బటన్ ఏం చేస్తుందని ఎదుటి మనిషి అనుకుంటున్నాడో చూసేది మాత్రం చాలా తక్కువ. టెస్ట్ కేసులు రాసేది ఆ తెర లోగుట్టు ముందే తెలిసినవాళ్లు. మొదటిసారి చూసేవాడి తికమక వాళ్ల ఊహకు అందదు. అలాగే, రోజూ అదే తెర ముందు కూర్చునేవాళ్ల చేతివేగమూ అందదు. ఈ రెండోది ప్రాణాలే తీసింది.

థెరాక్-25 కెనడా ప్రభుత్వ రంగ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన క్యాన్సర్ రేడియేషన్ యంత్రం. 1985 - 87 మధ్య దానివల్ల ఆరుగురు రోగులు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన కిరణాల పాలయ్యారు. కనీసం ముగ్గురు ఆ కారణంగానే మరణించారు. చికిత్స గదిలో అమర్చిన విలువలనే బయట కన్సోల్‌లో మళ్లీ టైపు చేయాలన్నది మొదటి డిజైన్. సమయం పడుతోందని ఆపరేటర్లు చెప్పడంతో, రిటర్న్ కీ నొక్కుతూ పోతే ఆ విలువలు వాటంతటవే చేరేలా మార్చారు. పని తేలికైంది. ఒక్కో విలువనూ రెండోసారి చూసుకునే అవకాశం దాంతోపాటే పోయింది.

1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్ పట్టణ ఆసుపత్రిలో ఒక ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఇ’ కొట్టాల్సిన చోట, ఎక్స్-రేకు గుర్తయిన ‘ఎక్స్’ కొట్టారు. వెంటనే గమనించి, కర్సర్ పైకి జరిపి దిద్ది, మిగతావన్నీ రిటర్న్ కీతో దాటేశారు. చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అంతా కొన్ని సెకన్లలో అయిపోయింది. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ లోపల చేసిన సవరణ తెర మీద కనిపించింది గానీ యంత్రానికి పూర్తిగా చేరలేదు. ‘మాల్‌ఫంక్షన్ 54’ అని ఒక సందేశం వచ్చింది. దానర్థమేమిటో ఆపరేటర్ల మాన్యువల్‌లో లేదు. అలాంటి అంకెలు తరచూ వచ్చిపోతుండటం, ‘పి’ నొక్కి పని కొనసాగించడం అక్కడ అలవాటు. ఆమె ‘పి’ నొక్కారు. అప్పటికే ఒకసారి కిరణాల తాకిడికి గురైన రోగికి రెండో దెబ్బ తగిలింది.

తయారీదారు ఇంజినీర్లు వచ్చి ఎంత ప్రయత్నించినా ఆ లోపం మళ్లీ కనిపించలేదు. ఏప్రిల్‌లో అదే ఆసుపత్రిలో మరో రోగి బలయ్యాక, అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడు ఫ్రిట్జ్ హేగర్ ఆ ఆపరేటర్‌నే కన్సోల్ ముందు కూర్చోబెట్టి, ఆమె చేసినదంతా పదేపదే చేయించి గుట్టు పట్టారు. వేగంగా టైపు చేస్తేనే లోపం బయటపడుతుంది. తయారీదారు ఇంజినీర్లు మొదట అంత వేగంగా టైపు చేసి చూడలేదు.

మన ముంగిటికి వద్దాం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’ అక్షరానికి, దీర్ఘానికి మధ్య కంటికి కనపడని ఒక యూనికోడ్ సంకేతం చేరిన అక్షరాల వరుస ఒకటి ఐఫోన్లను కుప్పకూల్చింది. ప్రపంచమంతా వార్త అయింది కాబట్టి ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో త్వరగానే సరిదిద్దింది. వార్త కాని ఇబ్బందులు అలాగే ఉండిపోతాయి. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు గీసిన బటన్‌లో ‘రాష్ట్రం’ అన్న మాట కింది వత్తులు తెగిపోతాయి. తెలుగు ఎంచుకుని ఫారం మొదలుపెడితే తప్పు చూపించే సందేశం ఇంగ్లిషులో వస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనం ‘ఫస్ట్ నేమ్’ గడిలో ఏది రాయాలో తెలియక ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా రాసి, పత్రాల్లో పేర్లు కలవక ఏళ్లు తిరుగుతాం.

ఇన్నాళ్లూ ఈ ఇబ్బందుల్లో చాలావాటిని మీసేవ ఆపరేటర్లు మోశారు. తెర మొండితనాలన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. ఇప్పుడు సేవలు నేరుగా పౌరుల ఫోన్లలోకి వస్తున్నాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ను ప్రారంభించింది. ఇది మంచి మార్పే, క్యూలు తగ్గుతాయి. కానీ మధ్యలో ఉన్న మనిషి తప్పుకున్నాక, తెర తన బాధ్యతను తానే మోయాలి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడే విలువైనది. ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కళ్లార్పాలని యాప్‌లు అడుగుతున్నాయి, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిని కళ్లార్పలేనివాళ్లు ఏం చేయాలన్నది అందులోని ఒక ప్రశ్న. కళ్లార్పడమనే పరీక్షను పెట్టినవాళ్లకు అలాంటి వినియోగదారు తలపుకే రాలేదు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు ప్రకటించి 20 ఆదేశాలిచ్చింది. కొత్త యాప్‌ల తుది పరీక్షల్లో చూపులేనివారిని భాగస్వాములను చేయాలన్నది వాటిలో ఒకటి. వాడేవాళ్ల చేతుల్లో పెట్టి చూడటం దీంతో చట్టం మాటగా మారింది.

ఖర్చవుతుందన్న సాకు నిలవదు. ఐదుగురిని కూర్చోబెట్టి గమనిస్తే ప్రధాన లోపాల్లో అత్యధికం బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. ఆ అంకె మీద నిపుణుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. రైతులు, వృద్ధులు, చూపులేనివారు, రోజంతా డేటా ఎక్కించే ఆపరేటర్లు వేర్వేరు బృందాలు కాబట్టి ఒక్కో బృందం నుంచీ కొందరు కావాలి. అలా లెక్కేసినా కొద్దిరోజుల పనే. వాళ్లకు ఏమీ నేర్పకూడదు, సాయం చేయకూడదు. ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి, అంతే.

హైదరాబాద్ నుంచి ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ పంపుతున్న మనకు ఇది చేతకాని పని కాదు. రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ ఇకపై పోర్టల్‌కు, యాప్‌కు పిలిచే ప్రతి టెండర్‌లో ఒక షరతు చేర్చాలి: అసలు వినియోగదారులతో, వాళ్ల సొంత ఫోన్లలో, తెలుగులో పరీక్ష జరపాలి, ఎవరు ఎక్కడ ఆగారో, తర్వాత ఏం మార్చారో చెప్పే నివేదికను ప్రజల ముందు పెట్టాలి. ఆ నివేదిక అందేదాకా కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు చెల్లించకూడదు.