ఏడు సీట్ల బండిలో ఏడో సీటు ఎవరిది?

జయపురం నుంచి కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సాలూరు దిగే వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. సుంకి ఘాట్‌లో ఎదురొచ్చే బండ్లను నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాం. పాత రోజుల కమాండర్ జీపులు, ట్రెక్కర్లు పోయాయి. వాటి తర్వాత ఏలిన సుమో 2019లో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఎటు చూసినా ఎత్తుగా, వెడల్పుగా, ముందు భాగం గోడలా ఉండే పెద్ద బండ్లే. కొరాపుట్‌లో కాస్త నిలదొక్కుకున్న మన తెలుగు కుటుంబం ఏదైనా బండి కొందామనుకుంటే ముందు వినబడే మాట ‘ఏడు సీట్లది, ఫోర్‌బైఫోర్ ఉన్నది’ అని.

మా తమ్ముడూ అదే అన్నాడు. రెండేళ్లు ఆలోచించి, పోయినేడాది కొన్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అవసరం లేదు. నేను చెప్పబోయేది ఈ తరగతి బండ్లన్నిటికీ కొద్దో గొప్పో వర్తించేదే. కొనడానికి వాడు చెప్పిన కారణం కూడా మంచిదే. "అన్నయ్యా, పెళ్లంటే రెండు బండ్లు, సిరిమానంటే రెండు బండ్లు. అమ్మ ఒక దాంట్లో, పిల్లలు ఒక దాంట్లో. ఇకనుంచి అందరం ఒకే బండిలో పోదాం" అన్నాడు. కాదనేవాడెవడు?

ముందు మంచి చెప్పాలి. ఉన్నమాట ఒప్పుకోకపోతే తప్పు. వర్షాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండ పెళ్లలు విరిగి పడి, సగం రోడ్డు మట్టీ రాళ్లూ అయినప్పుడు చిన్న కారు వాడు దిగి చూసుకుంటాడు, పెద్ద బండి వాడు మెల్లిగా దాటిపోతాడు. కింద రాయి తగులుతుందన్న దిగులుండదు. ఎత్తులో కూర్చుంటాం కాబట్టి మలుపులో రాబోయే లారీ ముందే కనిపిస్తుంది. డీజిల్ ఇంజనుకు తక్కువ వేగంలోనే లాగే బలం ఉంటుంది కనుక ఏడుగురితో ఎక్కినా గేరు మార్చి మార్చి చెయ్యి నొప్పి పుట్టదు. నారాయణపట్నం, బంధుగావ్ వైపు లోపలి ఊళ్లతో వ్యాపారం ఉన్నవాళ్లకు, కాఫీ తోటలు చూసుకునేవాళ్లకు, కాంట్రాక్టు పనులున్నవాళ్లకు ఇలాంటి బండి సరదా కాదు, పనిముట్టు. ఎర్రమట్టి తడిస్తే ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకు తెలుసు. వెనక చక్రాలు రెండే తిరిగే బండి ఆ బురదలో ఉన్నచోటే గుంట తవ్వుకుంటుంది. నాలుగు చక్రాలకూ బలం అందితే బయటపడుతుంది. లో రేంజి వేస్తే ఇంజను బలం ఎన్నో రెట్లై చక్రాలకు చేరుతుంది, బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా రాళ్లెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే పట్టి ఉంచుతుంది.

అయితే ఒక్కమాట. ఈ బలం ఎప్పుడు వాడాలో తెలియకుండానే చాలామంది డబ్బు కట్టేస్తున్నారు. మా తమ్ముడు కొన్న వారంలోనే కొరాపుట్ ఘాట్‌లో, ఎండగా ఉన్న తారు రోడ్డు మీద, మీట నాలుగు చక్రాలకు తిప్పి "చూడు, ఎలా పట్టుకుంటుందో" అన్నాడు. పట్టుకోవడం కాదది, పీక్కోవడం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు కాస్త ఎక్కువ దూరం, వెనక చక్రాలు కాస్త తక్కువ దూరం పోవాలి. మధ్యలో ఆ తేడాను సర్దే ఏర్పాటు లేని బండ్లలో ఆ ఒత్తిడంతా టైర్ల మీద, గేర్ల పెట్టె మీద పడుతుంది. మట్టిలో అయితే టైరు జారి ఆ తేడా తీరిపోతుంది, తారు మీద తీరదు. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. నాలుగు చక్రాలు తిరగడం బండి కదలడానికి పనికొస్తుంది గానీ ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. సుంకి దగ్గర పొగమంచులో దిగుతున్నప్పుడు మన ప్రాణం కాపాడేది ఫోర్‌బైఫోర్ కాదు, రెండో గేరు.

మా కుటుంబం సంగతే లెక్క చూద్దాం. ఏడాదిలో ఈ బండికి నాలుగు చక్రాల అవసరం పడింది రెండుసార్లు. ఒకటి దేవమాలి కొండ వైపు పిల్లల్ని తీసుకెళ్లి, రోడ్డు దిగి గడ్డి వాలులో ఆపుకుని, వాన పడ్డాక బయటికి రావడానికి. రెండోది మా పొలం దగ్గర. మిగిలిన రోజులన్నీ బజారు, బడి, సంత, ఘాట్ రోడ్డు. 1672 మీటర్ల కొండకు ఏడాదికోసారి పోవడానికి అంత ఖర్చా అని మా ఆవిడ అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. మూడో వరుస.

షోరూములో బండి చూసేటప్పుడు అందరం డ్రైవరు సీట్లో కూర్చుంటాం. స్టీరింగు పట్టుకుంటాం. పెద్ద తెర, పాటలు, పైన తెరుచుకునే అద్దం చూస్తాం. మూడో వరుసలోకి దూరి కూర్చున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. మేమూ కూర్చోలేదు. సేల్స్ కుర్రాడు సీటు మడిచి చూపించి "ఇదిగో సార్, ఒక్క లాగుతో" అన్నాడు. మేం తలూపాం.

దసరా తర్వాత మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానుకు ఏడుగురం బయల్దేరాం. తమ్ముడు స్టీరింగు దగ్గర. పక్కన నేను, పెద్దవాణ్ణని. రెండో వరుసలో అమ్మ, మా ఆవిడ, మరదలు. వెనక ఇద్దరు పిల్లలు, పద్నాలుగేళ్లవాడు, తొమ్మిదేళ్ల పాప. అమ్మకు డెబ్బై రెండు, మోకాళ్లు అరిగిపోయాయి. బండి ఎత్తు కనుక ఎక్కడానికే ఆమెకు ఒకరు చెయ్యి పట్టాలి, ఒకరు వెనక నుంచి ఆనుకోవాలి. అది ముందే ఊహించాం. ఊహించనిది ఏమిటంటే, వెనక వరుసలోకి పోవాలన్నా రావాలన్నా రెండో వరుసలో ఎడమవైపు సీటు మడవాలి. ఆ సీట్లో ఉన్నది అమ్మ. పొట్టంగి దగ్గర పాపకు కడుపులో తిప్పింది, అమ్మ దిగింది. సాలూరులో టీ తాగాం, అమ్మ దిగింది. గజపతినగరంలో పిల్లవాడికి అవసరం పడింది, అమ్మ దిగింది. ఎక్కిన ప్రతిసారీ ‘అమ్మా తల్లీ’ అంటూ మోకాలు పట్టుకుని ఎక్కింది.

తిరుగు ప్రయాణంలో ఆమే అంది, "నన్ను వెనకాల కూచోబెట్టీయండి నాయనా. దిగే పనుండదు" అని. మేం వద్దన్నాం. రెండోసారి అంది. మూడోసారి వద్దనలేదు. మనవరాలి పక్కన, మోకాళ్లు గడ్డానికి దగ్గరగా పెట్టుకుని, సుంకి ఘాట్ అంతా అలాగే వచ్చింది. ఆ రాత్రి జయపురంలో దిగేటప్పుడు బండిలోంచి బయటికి రాలేకపోయింది. తమ్ముడు ఎత్తి దించాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఇందులో కంపెనీ మోసమేమీ లేదు. ఈ బండి బలమూ, ఈ బండి లోపమూ ఒకచోట నుంచే పుట్టాయి. దీని కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంటుంది. రాళ్ల మీద మెలితిరగకుండా, బరువు లాగేలా కాపాడేది అదే. వెనక ఇరుసు గుంటల్లో పైకీ కిందకీ కదలడానికి చోటు కావాలి. చట్రం, ఇరుసు, వాటి పైన నేల. నేల అంత పైకి వచ్చాక, కప్పు కింద మనిషి పట్టాలంటే సీటు నేలకు దగ్గరగా వేయాల్సిందే. అందుకే మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు సీటుకు ఆనవు. పైగా ఆ సీటు సరిగ్గా వెనక ఇరుసు మీదో, ఇంకా వెనకో ఉంటుంది. ముందు కూర్చున్న నాకు గుంట ఒక ఊపు. అదే గుంట అమ్మకు ఒక ఎత్తివేత. గాలీ అంతే. రెండు వరుసలు దాటి వెనక్కి చేరేసరికి చల్లదనం మిగలదు. ఘాట్‌లో వాంతులకు ఇంతకన్నా ఏం కావాలి?

మూడో వరుస ఎత్తి ఉంటే సామాను మాటే ఎత్తొద్దు. వెనక తలుపుకూ సీటుకూ మధ్య రెండు చేతిసంచులు పడితే గొప్ప. పెళ్లికి ఏడుగురంటే ఏడుగురి బట్టలు, చదివింపులు, తిరిగొచ్చేటప్పుడు సారె. అదంతా పైన క్యారేజీ మీద కట్టాలి. అసలే ఎత్తైన బండి, పైన బరువు పెడితే మలుపుల్లో ఒరుగు ఇంకా పెరుగుతుంది. ఆ వెనక తలుపుకు జానెడు దూరంలోనే పిల్లల తలలుంటాయన్నది ఇంకో సంగతి. వెనకనుంచి లారీ తగిలితే నలిగేది మొదట ఆ చోటే.

భద్రత అంటే చుక్కల సంగతి కూడా చెప్పాలి. ఈ తరగతిలో మన దగ్గర బాగా అమ్ముడయ్యే స్కార్పియో-ఎన్‌కు 2022 చివర్లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు చుక్కలొచ్చాయి. అది మెచ్చుకోవాల్సిందే. అదే పరీక్షలో పిల్లల రక్షణకు వచ్చినవి మూడు. ప్రకటనల్లో ఐదే పెద్దగా కనిపిస్తాయి. 2024లో పరీక్షించిన బొలెరో నియోకు పెద్దలకూ పిల్లలకూ ఒక్కో చుక్కే. ఇక బొలెరోల్లో వెనక సీట్లు ముందుకు చూడవు, పక్కకు చూస్తాయి, ఎదురెదురుగా. మన పాత జీపు బెంచీల వారసత్వమది. ఆ సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి ఘాట్ దిగడం నా దృష్టిలో తప్పు. బొలెరో గట్టి బండి కాదని ఎవరూ అనలేరు. 2000 నుంచి కొండ ఊళ్లను మోస్తున్నది అదే. కానీ గట్టితనం వేరు, గుద్దుకున్నప్పుడు లోపలి మనిషిని కాపాడటం వేరు.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. నాలుగు మీటర్లు దాటిన, పెద్ద ఇంజను, ఎత్తైన బండ్ల మీద సెస్సుతో కలిపి 50 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. తగ్గింది కదా అని పరుగెత్తేవాళ్లున్నారు. తగ్గినా అది చిన్న బండ్ల 18 శాతానికి రెట్టింపు పైనే. డీజిల్ బండిని ఊళ్లోనే తిప్పేవాళ్లకు ఇంకో బాధ ఉంది. 2020 తర్వాతి డీజిల్ బండ్లలో పొగమసి పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ పొడుగు దూరం ఒక వేగంలో నడవాలి. ఇంటికీ దుకాణానికీ మధ్య తిప్పితే మూసుకుపోయి, దీపం వెలిగి, మెకానిక్కు చుట్టూ తిరగాలి.

సరిహద్దులో ఉన్న మనకు మాత్రమే ఉన్న తలనొప్పి మరొకటి. విశాఖలో బంధువుల చిరునామాతో కొని, ఏపీ నంబరుతోనే ఇక్కడ తిప్పేద్దామని కొందరి ఆలోచన. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రపు బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే మళ్లీ ఒడిశా పన్ను, అటువైపు నుంచి నిరభ్యంతర పత్రం, అక్కడ కట్టిన జీవితకాల పన్నులో మిగిలింది వెనక్కి రప్పించుకోవడానికి తిరుగుడు. బండి ఖరీదు ఎంత పెద్దదైతే ఆ పన్నూ అంత పెద్దది. జయపురంలో ఉండేవాళ్లు మొదటే ఓడీ 10 నంబరుకు సిద్ధపడి కొనడం మేలు.

మరి ఏం కొనాలంటారా? రోడ్డు లేని చోటికి పనిమీద వెళ్లేవాళ్లు ఈ బండే కొనాలి, మూడో వరుస మడిచి సామానుకు వాడుకోవాలి. ఐదుగురి బండి అనుకుని కొంటే ఇంత మంచి బండి ఇంకోటి లేదు. తారు రోడ్డు మీద ఏడుగురు నిజంగా ప్రయాణించాలంటే ఇన్నోవా, ఎర్టిగా లాంటివి చూడాలి. వాటికి బురదలో దమ్ము లేదు. ఎర్టిగా నేల తక్కువ ఎత్తు, అమ్మలాంటి వాళ్లు అడుగుపెట్టి ఎక్కగలరు. ఇన్నోవా వెనక వరుసలో పెద్దవాళ్లే కూర్చోగలరు. ఊళ్లో నలుగురూ తల తిప్పి చూడరు, అంతే తేడా. ఆ తేడాకు మనం ఎంత కడుతున్నామో ఎవరికి వాళ్లు లెక్కేసుకోవాలి. మా ఇంట్లో ఆ లెక్క ఎవరం వేయలేదు, నాతో సహా. ముందు సీట్లో హాయిగా కూర్చుని వెళ్లొచ్చిన వాణ్ణి నేనే.

మాఘమాసంలో పార్వతీపురంలో మేనకోడలి పెళ్లి వచ్చింది. తమ్ముడు అమ్మ దగ్గర కూర్చుని, ముహూర్తం ఉదయమే, రాత్రికే బయల్దేరదాం అన్నాడు. "మీరెళ్లి రండి నాయనా, నేను ఇల్లు చూసుకుంటాను" అంది అమ్మ. ఆమె చేతుల మీద పెరిగిన పిల్ల పెళ్లి అది. అందరినీ ఒక్కచోట చేర్చడానికని కొన్న బండి వాకిట్లోనే ఉంది.

రెండు రోజులు బతిమాలాక ఒప్పుకుంది, ముందు సీట్లో కూర్చోబెడితేనే అని. వంటింట్లోని ముక్కాలిపీట ఒకటి బండిలో వేశాం, ఎక్కడానికీ దిగడానికీ. మూడో వరుస మడిచి సామాను పెట్టాం. తమ్ముడు, అమ్మ ముందు, మరదలు, పిల్లలు మధ్యలో. మా ఆవిడా నేనూ హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసుకున్నాం.